దూరపు కొండలు, దగ్గరి ఆసుపత్రులు

ప్రత్యేక సంచికకు ఒక వ్యాసం రాసి ఇవ్వమని సంపాదకవర్గంలోని మిత్రులు అడిగినప్పుడు, మొదట నాకు తోచినవి మనందరికీ తెలిసిన విషయాలే: కరువు భత్యం బకాయిలు, వైద్య ఖర్చుల బిల్లులు, ఆరోగ్య కార్డును ఒప్పుకోని ఆసుపత్రులు. వీటి మీద మన పత్రికలో పెద్దలు చాలామంది రాశారు, ఇకముందూ రాస్తారు. అందుచేత నేను మన విశాఖ చరిత్రలోంచి ఒక అధ్యాయాన్ని సభ్యుల ముందు పెడదామని నిశ్చయించుకున్నాను. మన్యానికి వైద్యం ఎలా చేరింది, చేరనిచోట ఎందుకు చేరలేదు అన్నదే ఆ అధ్యాయం. ఇది మన ఉద్యోగుల కథ కూడా అని నా అభిప్రాయం. ఎందుకంటున్నానో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

ఉద్యోగ విరమణ తర్వాత నేను రుషికొండలో స్థిరపడ్డాను. మేడ మీద నిలబడితే ఒకవైపు సముద్రం, ఒకవైపు కొండలు. నా చిన్నతనంలో ఇది బెస్తవాళ్ల పల్లెలు, జీడి తోటలు తప్ప మరేమీ లేని చోటు. ఇక్కడ ఎవరికైనా ప్రాణం మీదికొస్తే నులకమంచం మీద పడుకోబెట్టి రోడ్డుదాకా మోసుకుపోయేవారని ఇక్కడి వృద్ధులు ఇప్పటికీ చెబుతారు. 1980లో గీతం వారి ఇంజనీరింగ్ కళాశాల ఇక్కడ వెలిసింది. 2015లో అదే సంస్థ వైద్య కళాశాలనూ ప్రారంభించింది. పక్కనే ఆరిలోవలో హెల్త్ సిటీ, హనుమంతవాకలో ప్రభుత్వ విమ్స్, ఊళ్లోకి వెళితే కింగ్ జార్జి ఆసుపత్రి. పొద్దున్నే బీచి రోడ్డులో నాతోబాటు నడిచే మిత్రులకు ఛాతీలో కాస్త పట్టేసినట్టుంటే, ఏ ఆసుపత్రికి వెళ్లాలన్నదే సందేహం గాని, ఆసుపత్రి ఉందా అన్న సందేహం లేదు. మనం దూరాన్ని నిమిషాల్లో లెక్కపెట్టుకుంటున్నాం.

ఇదే సముద్రతీరం నుంచి పాడేరు దాదాపు 110 కిలోమీటర్లు. బస్సెక్కితే మూడు, నాలుగు గంటల ప్రయాణం. పాడేరు దాటి, రోడ్డు ముగిసిన చోట నుంచి కొండల మీది గూడేలకు వెళ్లాలంటే మాత్రం దూరాన్ని కొలిచేందుకు కిలోమీటర్లు, నిమిషాలు పనికిరావు. అక్కడ దూరాన్ని మోసే భుజాలతో కొలవాలి. వెదురు బొంగుకు దుప్పటి కట్టి, అందులో నిండు చూలాలిని కూర్చోబెట్టి, ఇద్దరు ముందూ వెనుకా భుజాన వేసుకుని, గెడ్డలు దాటి దించే డోలీ ఫోటోలు ఇటీవలి సంవత్సరాలలో కూడా ప్రతి వానాకాలం దినపత్రికల్లో వస్తూనే ఉన్నాయి. చూసి అయ్యో అనుకుంటాం, పేజీ తిప్పుతాం. దూరపు కొండలు నునుపు కదా.

ఏజెన్సీ అన్న మాట ఎలా వచ్చింది

మన్యాన్ని మనం ఏజెన్సీ అంటాం. ఆ మాట వెనుకే సగం చరిత్ర ఉంది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాల్లో తిరుగుబాట్లు చెలరేగిన మీదట, కంపెనీ ప్రభుత్వం 1839లో ఒక చట్టం చేసింది. దాని ప్రకారం ఆ కొండ ప్రాంతాలకు మామూలు కోర్టులు, మామూలు చట్టాలు వర్తించవు. కలెక్టరే గవర్నరుకు ఏజెంటుగా వాటిని పాలిస్తాడు. ఏజెంటు పాలించే ప్రాంతం గనుక ఏజెన్సీ అయింది. అంటే మొదటి నుంచీ అది కింద కూర్చుని, పైకి చూసి పాలించే ప్రాంతం. శాంతిభద్రతలు, శిస్తు, కలప, ఈ మూడే ప్రభుత్వం పట్టించుకున్న పనులు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో పోడు వ్యవసాయం మీద ఆంక్షలు వచ్చాయి. అడవి మీద అధికారం సర్కారుది అయింది గాని, అడవిలో బతికేవాడి ఆరోగ్యం సర్కారు బాధ్యత కాలేదు.

అప్పట్లో కొండ మీద రోగానికి మందు కొండలోనే దొరకాలి. వేళ్లు, ఆకులు ఎరిగిన నాటువైద్యుడు, మంచిచెడ్డలు చూసి చెప్పే దిసారి, కాన్పు చేసే ముసలమ్మ, వీరే వారి వైద్యశాఖ. వారి విద్యలో మేలు చేసేదీ ఉంది, చేయనిదీ ఉంది. దాన్ని నేను ఇక్కడ తూచదలచుకోలేదు. పిలిచిన వెంటనే వచ్చేవారు వాళ్లొక్కరే అన్న సంగతి మాత్రం మరువరాదు.

జ్వరమే కోటగోడ

మన్యంలో ప్రభుత్వాన్ని నిలువరించిన శత్రువు విల్లంబులు పట్టిన మనిషి కాదు, కొండజ్వరం. 1879-80 రంపా తిరుగుబాటును అణచడానికి వెళ్లిన సైనికులను కూడా ఆ జ్వరం బాగా పీడించింది. అది చెడుగాలి వల్ల వస్తుందనీ, నీటి వల్ల వస్తుందనీ అనుకునేవారు. నిజం తేలింది మన తెలుగునేల మీదే. సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. అందుకు 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

మందు అంతకుముందే ఉంది. నీలగిరుల్లో 1860ల నుంచి ప్రభుత్వమే సింకోనా తోటలు వేసి, బెరడు నుంచి క్వినైన్ తీయించింది. 1890ల నుంచి బెంగాలులో మొదలుపెట్టి పోస్టాఫీసుల ద్వారా చిన్న చిన్న పొట్లాలుగా క్వినైన్ అమ్మే పద్ధతి కూడా వచ్చింది. మంచి ఆలోచనే. కాని పోస్టాఫీసే లేని గూడేనికి పోస్టాఫీసు మందు ఎలా చేరుతుంది? రోగం ఎక్కడ ఎక్కువో అక్కడ మందు తక్కువ. ఈ తిరకాసు అప్పుడే మొదలైంది.

1923: ఒకే జిల్లా, రెండు లోకాలు

మన విశాఖవాసులు గర్వంగా చెప్పుకునే సంవత్సరం 1923. ఆ ఏడే విశాఖపట్నం వైద్య కళాశాల, అంటే ఇప్పటి ఆంధ్ర వైద్య కళాశాల, మొదలైంది. కింగ్ జార్జి ఆసుపత్రి ప్రారంభమైంది కూడా ఆ ఏడే. అటు శ్రీకాకుళం నుంచి ఇటు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ సరిహద్దుల దాకా పేదవాడికి చివరి ఆశ ఇప్పటికీ ఆ ఆసుపత్రే. నాతోబాటు ఈ పత్రిక చదివే వారిలో ఎంతోమంది అక్కడే పుట్టి ఉంటారు.

అదే 1923లో, అదే విశాఖపట్నం జిల్లా కొండల్లో ఏం జరుగుతోంది? 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులతో మొదలైన అల్లూరి సీతారామరాజు పోరాటం జోరుగా సాగుతోంది. దాన్ని అణచడానికి మలబారు స్పెషల్ పోలీసులను, అస్సాం రైఫిల్స్ దళాన్ని రప్పించారు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును కాల్చి చంపారు.

ఆ పోరాటానికి దారితీసిన కారణాల్లో ఒకటి రోడ్డు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయడానికి కొండవాళ్లను పట్టుకొచ్చి, కూలి సరిగా ఇవ్వకుండా పని చేయించారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పేరు చరిత్రలో మిగిలిపోయింది ఇందుకే. తమ చెమటతో వేసిన ఆ రోడ్డు మీద కిందికి కలప దిగింది, పైకి పోలీసులు ఎక్కారు. వైద్యుడు మాత్రం ఎక్కలేదు. కింద పట్నంలో వైద్య విద్యార్థుల మొదటి తరగతి పాఠాలు వింటున్న రోజుల్లో, పైన జనం రోడ్డు పనికి వెట్టి చేసిన కోపంతో తిరగబడి ఉన్నారు. ఈ రెండు సంగతులూ మన చరిత్ర పుస్తకాల్లో వేరు వేరు పాఠాలుగా ఉంటాయి. పక్కపక్కన పెట్టి చదివితే గాని వాటి అర్థం బోధపడదు.

దిగివచ్చినవి, ఎక్కనివి

విశాఖ ఎదిగిన తీరు చూడండి. 1933లో మన హార్బరు ప్రారంభమైంది. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం వెలిగింది. కొండల్లో పుట్టిన ఆ కరెంటు తీగల మీద దిగివచ్చి మన పట్నాలకూ కర్మాగారాలకూ వెలుగిచ్చింది. 1960లలో కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం వేశారు. బైలాడిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు ఎగుమతి చేయడానికి అనంతగిరి కొండలను తొలిచి, సొరంగాల గుండా, బొర్రా, అరకు మీదుగా పట్టాలు పరిచారు. ఆ ఖనిజం కోసమే 1976లో అవుటర్ హార్బరు వచ్చింది. 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారానికీ ఖనిజం ఆ దారినే వస్తోంది. ఇక చింతపండు, తేనె, కొండచీపుళ్లు, కాఫీ. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కేంద్ర కార్యాలయం కూడా విశాఖలోనే.

పోర్టు ఉద్యోగులకు గోల్డెన్ జూబ్లీ ఆసుపత్రి, ఉక్కు ఉద్యోగులకు ఉక్కునగరంలో జనరల్ ఆసుపత్రి వచ్చాయి. అవి వారి శ్రమకు న్యాయంగా దక్కినవే. నేను వాటిని తప్పుపట్టడం లేదు. నా ప్రశ్న ఒక్కటే. ఖనిజాన్ని దించడానికి కొండను తొలవగలిగిన ఇంజనీరింగు విద్య, ఒక నర్సమ్మను గూడేనికి ఎక్కించే దారి వేయలేకపోయిందా? వేయలేక కాదు. ఖనిజానికి లెక్కలు రాసేవాళ్లు, ధర కట్టేవాళ్లు ఉన్నారు. చూలాలికి లెక్క రాసేవారు లేరు.

తలల లెక్క

లెక్క అన్నాను గనుక, అసలు చిక్కు ఎక్కడుందో చెబుతాను. స్వాతంత్ర్యానికి ముందే, 1943లో, సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించారు. 1946లో ఆ సంఘం ఇచ్చిన నివేదికే మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు పునాది. డబ్బు ఇచ్చుకోలేని కారణంగా ఎవరికీ వైద్యం అందకుండా పోరాదన్నది దాని సారాంశం. తొలిదశలో 40,000 మందికి ఒక ప్రాథమిక కేంద్రం, తర్వాత పది, ఇరవై వేల మందికొకటి అని సూచించింది. 1952లో సమాజ వికాస పథకంతో బాటు ఈ కేంద్రాలు దేశంలో మొదలయ్యాయి. తదుపరి కాలంలో మైదానంలో 30,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, మైదానంలో 5,000 మందికి, కొండల్లో 3,000 మందికి ఒక ఉపకేంద్రం అన్న కొలత స్థిరపడింది.

పైకి చూస్తే గిరిజనులకు ఎక్కువే ఇచ్చినట్టు కనిపిస్తుంది. కాగితం తీసుకుని లెక్క వేయండి. మైదానంలో 5,000 మంది అంటే ఒక పెద్ద ఊరు, లేదా పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్లు. ఈ చివర నుంచి ఆ చివరికి అరగంట నడక. కొండల్లో ఒక గూడెమంటే ఇరవై, పాతిక గడపలు, వందమంది జనం అనుకుందాం. 3,000 మంది అంటే ముప్ఫై గూడేలు. అవి ఒక కొండ మీద ఉండవు, నాలుగైదు కొండల మీద చెదిరి ఉంటాయి. మధ్యలో గెడ్డలు. వానాకాలంలో గెడ్డ పొంగితే ఉపకేంద్రం ఎదుటి కొండ మీద కంటికి కనబడుతూనే ఉంటుంది, కాలికి అందదు. అదే లెక్కన 20,000 మందికి ఒక డాక్టరంటే రెండు వందల గూడేలకు ఒక డాక్టరు. రికార్డుల్లో మాత్రం నిబంధన ప్రకారం కేంద్రం ఉన్నట్టే.

అంటే కొలబద్దే తప్పు. తలలు లెక్కపెట్టారు గాని, నడక లెక్కపెట్టలేదు. మనం జీవితమంతా ఫైళ్ల మీద పనిచేసినవాళ్లం. కొలత తప్పయితే అంకె ఎంత సరిగ్గా ఉన్నా ఫలితం తప్పేనని మనకు వేరే చెప్పనక్కరలేదు.

మలేరియా విషయంలో ఇదే జరిగింది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా సుమారు 7.5 కోట్లమందికి మలేరియా వచ్చేదనీ, 8 లక్షలమంది చనిపోయేవారనీ అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాయి. ఇళ్ల గోడలకు డి.డి.టి. కొట్టడం, రెండు వారాలకోసారి ఇంటింటికీ వెళ్లి జ్వరం ఉన్నవారి రక్తం బొట్టు గాజుపలక మీద తీసుకోవడం దాని పద్ధతి. గోడల మీద వచ్చిన తేదీ, సంతకం రాసి వెళ్లే ఆ మలేరియా ఉద్యోగులు మన సభ్యుల్లోనూ ఉన్నారు. 1965 నాటికి దేశం మొత్తం మీద కేసులు లక్షకు దిగివచ్చాయి. అది మామూలు విజయం కాదు. కాని రెండు వారాలకోసారి మనిషి వెళ్లలేని అడవుల్లో, కొండల్లో ఆ క్రిమి దాక్కుని ఉండిపోయింది. మందుకు లొంగని దోమలూ తోడయ్యాయి, పర్యవేక్షణ సడలింది. 1976లో కేసులు తిరిగి 64 లక్షలకు చేరాయి.

నా ఏడు నెలలు

ఆ 1976లోనే నాకు ఏజెన్సీకి బదిలీ అయింది. సమితి ఆఫీసులో గుమస్తా పని. ఆ ఊరి పేరు, ఆఫీసు పేరు ఇక్కడ అనవసరం. ఏజెన్సీ బదిలీ అంటే ఆ రోజుల్లో మన భాషలో ఏమిటో మీకందరికీ తెలుసు. పై అధికారికి కోపం వస్తే వేసే శిక్ష. ఆర్డరు రాగానే ఇంట్లో ఏడుపులు, ఎవరిని పట్టుకుంటే రద్దవుతుందా అని పరుగులు. నేనూ పరిగెత్తాను. పని జరగక, ట్రంకు పెట్టె, క్లోరోక్విన్ బిళ్లల సీసా పట్టుకుని బస్సెక్కాను.

అక్కడ ఆసుపత్రి భవనం ఉంది. డాక్టరు పోస్టు ఉంది. పోస్టులో డాక్టరు లేరు. వేసినవారు చేరలేదు, చేరినవారు సెలవు పెట్టారు. క్వార్టర్సు తాళానికి తుప్పు. ఒక కాంపౌండరు గారు ఉన్నంతలో చేసేవారు. ఆగస్టులో ఒక మధ్యాహ్నం, ముసురులో, డోలీలో ఒక చూలాలిని తెచ్చి మా ఆఫీసు వసారాలో దించారు. తెల్లవారుజామున బయలుదేరారట. కాంపౌండరు గారు చూసి, బిడ్డ అడ్డం తిరిగింది, కిందికి తీసుకుపోవాలన్నారు. సమితి జీపు మీటింగు కోసం జిల్లా కేంద్రానికి వెళ్లింది. లారీ ఏదైనా వస్తుందేమోనని సాయంత్రం దాకా కూర్చున్నారు. ఆ పిల్లకు పద్దెనిమిది ఏళ్లుంటాయేమో. కేకలు వేయలేదు, పళ్లు బిగపట్టుకుని ఉంది. చీకటి పడే వేళకు కలప లారీ ఒకటి వచ్చింది. దుంగల మీద చోటు చేసి ఎక్కించారు.

ఆమె ఏమైందో నాకు తెలియదు. తెలుసుకోవచ్చు. మర్నాడు మా ఆఫీసు బంట్రోతును అడిగితే సరిపోయేది, అతనిదీ ఆ వైపు గూడెమే. నేను అడగలేదు. వినవలసి వస్తుందన్న భయం. మరో రెండు వారాలకు నాకే చలిజ్వరం వచ్చింది. బిళ్లలతో నాలుగు రోజుల్లో తగ్గింది గాని, ఆ జ్వరాన్ని నేను వదలలేదు. పట్నం వెళ్లి మెడికల్ సర్టిఫికెట్టు పెట్టి, దాని మీద బదిలీ తెచ్చుకున్నాను. సామాను తీసుకుపోవడానికి తిరిగి వెళ్లినప్పుడు, ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని బస్సు దాకా వచ్చిన ఆ బంట్రోతు, ఎత్తిపొడుపు లేకుండా, మామూలుగా అడిగాడు: "తవరికి జొరవొత్తే బదిలీ సేత్తారు బాబూ. మాకు జొరవొత్తే ఎక్కడికి బదిలీ సేత్తారు?"

దాదాపు యాభై ఏళ్లుగా ఆ మాటకు జవాబు వెతుకుతున్నాను. దొరకలేదు. నేను కట్టుకథ చెప్పి బదిలీ తెచ్చుకున్న సంగతి ఇన్నాళ్లూ ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మన సభ్యుల్లో ఏజెన్సీలో ఏళ్లతరబడి నిజాయితీగా పనిచేసిన మలేరియా ఉద్యోగులు, ఆరోగ్య కార్యకర్తలు, ఉపాధ్యాయులు ఉన్నారు. వారికి నమస్కారం. నేను వారిలో ఒకడిని కాను.

ఇది మన ఒక్క చోటి సంగతి కాదు

తర్వాత చదువుకుంటూ పోతే తెలిసిందేమంటే, ఈ తిరకాసు లోకమంతటా ఉంది. వేల్స్ దేశంలో గ్లిన్‌కోరుగ్ అనే బొగ్గుగని పల్లెలో పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే వైద్యుడు 1971లో లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. మంచి వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తక్కువగా దొరుకుతుందని, దానికి తలకిందుల సూత్రమని పేరు పెట్టవచ్చని ఆయన చూపారు. ధనిక దేశంలోనే అలా ఉంటే మన మన్యం సంగతి చెప్పాలా? 1978 సెప్టెంబరులో సోవియట్ దేశంలోని ఆల్మా ఆటాలో ప్రపంచ దేశాలన్నీ కూడి, 2000 సంవత్సరానికి అందరికీ ఆరోగ్యం అని ప్రకటించాయి. మనిషి ఉన్నచోటికి వైద్యం వెళ్లాలి గాని, వైద్యం ఉన్నచోటికి మనిషి రావడం కాదన్నదే ఆ ప్రకటన ఆత్మ.

అది సాధ్యమేనని రుజువు చేసిన చోటు మనకు దూరంలో లేదు. మన తెలంగాణకు ఆనుకుని ఉన్న మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 1980లలో పని మొదలుపెట్టారు. ఊళ్లోని సామాన్య స్త్రీలకే శిక్షణ ఇచ్చి, పురిటి గదిలోనే పసిబిడ్డకు వైద్యం చేయించారు. అలా చేసిన ఊళ్లలో, చేయని ఊళ్లతో పోలిస్తే, నెలలోపు శిశువుల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో అదే లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. పెద్ద భవనం లేదు, పెద్ద యంత్రం లేదు. వైద్యం గడప తొక్కింది, అంతే.

అదే డాక్టర్ అభయ్ బంగ్ అధ్యక్షతన కేంద్ర ప్రభుత్వం గిరిజన ఆరోగ్యంపై నియమించిన నిపుణుల సంఘం 2018లో నివేదిక ఇచ్చింది. దేశ జనాభాలో గిరిజనులు 8.6 శాతం. మలేరియా కేసుల్లో వారి వాటా 30 శాతం, మలేరియా మరణాల్లో 50 శాతం. ఈ మూడు అంకెలు పక్కపక్కన రాసుకుంటే మొత్తం చరిత్ర అందులో ఉంది. జబ్బు రావడంలో ఒక అన్యాయం, జబ్బు వచ్చాక చనిపోవడంలో మరో అన్యాయం.

మారినవి, మారవలసినవి

ఏమీ మారలేదంటే అబద్ధమవుతుంది. ఐదో ప్రణాళిక కాలం నుంచి పాడేరులో సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ పనిచేస్తోంది. 2005 ఏప్రిల్‌లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలై, ఆశా కార్యకర్తలు వచ్చారు. అదే ఏడు ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 అంబులెన్సు మొదలైంది. అంబులెన్సు ఎక్కలేని చోట్లకు మోటారు సైకిలు అంబులెన్సులు, నెలలు నిండిన తల్లులు ముందుగానే వచ్చి ఉండటానికి వసతి గృహాలు ఏర్పాటు చేశారు. మందు పూసిన దోమతెరలు ఇంటింటికీ పంచారు. 2015లో దేశంలో సుమారు 11.7 లక్షలున్న మలేరియా కేసులు 2023 నాటికి సుమారు 2.3 లక్షలకు తగ్గాయి. గడప దాకా వెళ్లిన మందు ఎలా పనిచేస్తుందో ఇది మరో సాక్ష్యం.

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. విశాఖలో వైద్య కళాశాల వచ్చిన నూటొక్క ఏళ్లకు, 2024లో, పాడేరులో ప్రభుత్వ వైద్య కళాశాల 50 సీట్లతో తెరుచుకుంది. 2025 ఏప్రిల్‌లో గిరిజన గూడేలకు రోడ్లు వేసేందుకు అడవితల్లి బాట కార్యక్రమం మొదలైంది. వందేళ్ల కిందట కలప కోసం వేసిన రోడ్డుకూ, మనిషి కోసం వేసే రోడ్డుకూ ఉన్న తేడా ఇకనైనా కొండ మీద కనిపిస్తుందని ఆశిద్దాం.

నా దృష్టిలో వీటన్నిటికన్నా ముఖ్యమైన మార్పు ఒకటి చడీచప్పుడు లేకుండా జరిగింది. కొండ, ఎడారి ప్రాంతాల్లో జనాభా లెక్కతో నిమిత్తం లేకుండా, గూడెం నుంచి అరగంట నడకలో ఉపకేంద్రం ఉండేలా పెట్టుకోవచ్చునని ఆరోగ్య మిషన్ నిబంధనల్లో చేర్చారు. తలల లెక్క పోయి నడక లెక్క వచ్చింది. భోర్ నివేదిక తర్వాత అరవై ఏళ్లు దాటాక గాని ఈ చిన్నమాట కాగితం మీదికి ఎక్కలేదు. కాగితం మీద ఉన్నది కొండ మీదికి ఎక్కించడమే ఇక మిగిలిన పని. ఆ పనికి భవనంతో బాటు, అందులో కూర్చునే మనిషి కావాలి. ఏజెన్సీ పోస్టింగు శిక్ష అన్న భావన మన తరంతో పోవాలి. అక్కడి పిల్లలే అక్కడి కళాశాలలో చదివి, అక్కడే డాక్టర్లు, నర్సులు కావడం దానికి మందు.

మన సంఘం చేయగలిగినది కొంత ఉందని నా మనవి. మనలో ఏజెన్సీలో పనిచేసిన వారందరూ తాము చూసినది చూసినట్టు, ఏ ఊరు, ఏ సంవత్సరం, ఆసుపత్రికి ఎంత నడక, రాసి ఇవ్వండి. కంటితో చూసినవాళ్లం పోతే ఆ లెక్క మరెవరూ రాయలేరు. మహాసభలో మన డిమాండ్ల పత్రంలో కరువు భత్యం తర్వాత ఒక వాక్యం చేర్చండి: నడక లెక్కను అమలు చేయాలి అని. మన పెన్షన్‌కు ఇందువల్ల పైసా తగ్గదు.

ఏటా మనం బతికే ఉన్నామని సర్టిఫికెట్టు ఇచ్చుకుంటాం. వేలిముద్ర పడకపోతే కంగారు పడతాం, పిల్లల్ని వెంటబెట్టుకుని మరో కేంద్రానికి పరిగెత్తుతాం. ఆ కలప లారీ మీద వెళ్లిన పిల్ల బతికి ఉంటే ఇప్పుడు ఆమెకు అరవై ఎనిమిదేళ్లు దాటి ఉంటాయి, దాదాపు నా ఈడే. బతికి ఉందో లేదో చెప్పే కాగితం నాకు తెలిసి ఎక్కడా లేదు. మర్నాడే అడిగి ఉంటే ఈ వ్యాసంలో ఒక వాక్యమైనా ఖాయంగా రాయగలిగేవాణ్ణి.